మెడ కొలత

ఫిబ్రవరి 11

అక్కా,

ఇక్కడ అందరం కుదురుగానే ఉన్నాం, నా చొక్కా కాలర్ ఒక్కటి తప్ప. నవ్వకు. ఇరవై రెండేళ్లుగా నా మెడ పదిహేను అంగుళాలు. పని నేర్పిన మాస్టారు మొదటి రోజే అన్నాడు కదా, "ముందు నిన్ను నువ్వు కొలుచుకో, ఆ తర్వాతే ఊళ్లో వాళ్ల జోలికి పో" అని. అందుకే నా కొలతల పుస్తకంలో మొదటి పేజీ ఎప్పుడూ నాదే. ఏటా కొత్త పుస్తకం మొదలుపెట్టినప్పుడల్లా అవే అంకెలు మళ్లీ దించుకుంటాను. ఈసారి మాత్రం మెడ దగ్గర టేపు పదిహేనున్నర చూపించింది. టేపు సాగిందేమోనని కొత్తది తెచ్చాను. అదీ అదే మాట అంది. నీ మరదలు "తిండి తగ్గించు" అంటుంది. పెట్టేదీ తనే, తగ్గించమనేదీ తనే. చేసేదేముంది, గుండీ అర అంగుళం జరిపి కుట్టుకున్నాను. ఒళ్లు మారితే బట్ట మార్చుకోవచ్చు, దర్జీవాడికి ఉన్న సుఖం అదొక్కటే.

అసలు సంగతికి వస్తాను. జూలై ఆఖరుకి నీ ఉద్యోగం అయిపోతుంది కదా. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ మెడికల్ కాలేజీ చల్లటి మ్యూజియంలో పాత శాలువా కప్పుకుని తిరిగావు. తమ్ముడు దర్జీ అయి ఉండి అక్కకి ఒక కోటు లేదంటే నా కత్తెరకే సిగ్గు. లోపల మెత్తటి అస్తరు వేసి, రెండు జేబులు పెట్టి కుడతాను. కొలతలు పంపు. మెడ, భుజం, ఛాతీ, చెయ్యి పొడవు. అంచనాగా కాదు, టేపు పెట్టి.

ఫోన్ చేస్తే నీకు గాలి హోరు తప్ప ఏమీ వినపడదు, మెసేజ్ పెడితే అక్షరాలు చీమల్లా ఉన్నాయంటావు. కాబట్టి ఉత్తరమే రాయి. పోస్ట్‌మన్‌కి మన ఇద్దరి మూలానే ఇంకా పని ఉందనుకుంటా.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 27

ఒరేయ్ బుడంకాయ్,

చిన్నప్పుడు నీకా పేరు పెట్టింది నేనే. నలభై నాలుగేళ్లు వచ్చాక సార్థకం చేసుకుంటున్నావన్న మాట. మెడ లావెక్కిందట, టేపు మీద అనుమానమట! అద్దంలో మొహం బాలేకపోతే అద్దం మార్చుకునే రకానివి నువ్వు.

కొలతలు తీసుకోవడం పెద్ద ప్రహసనం అయింది. మీ బావ పోయాక ఇంట్లో టేపు పట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు కదా. కాలేజీలో ఒక స్టూడెంట్ పిల్లని పట్టుకుంటే, పాపం భయం భయంగా కొలిచింది. మెడ పదమూడున్నర, భుజం పద్నాలుగు, ఛాతీ ముప్ఫై ఎనిమిది, చెయ్యి ఇరవై రెండు. ఇంతకంటే నిక్కచ్చిగా కావాలంటే నువ్వే వచ్చి కొలుచుకో.

ఈ ఏడు వచ్చిన పిల్లలు మరీ అమాయకులు. గుండె ఎక్కడుందర్రా అంటే అందరూ ఎడమ చెయ్యి పెట్టి ఎడమ పక్క కొట్టుకుంటారు. పాఠం చెప్పడం నా పని కాదు, శరీర భాగాలు ఉంచిన సీసాల్లో మందునీళ్లు తగ్గితే పొయ్యడం, లేబుళ్లు చిరిగితే అతికించడం నా పని. కానీ ప్రొఫెసర్ వెళ్లిపోయాక పిల్లలు నన్నే అడుగుతారు. నేను మొదటి అలమరా దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తాను. రెండు ఊపిరితిత్తుల మధ్య ఒక గది ఉంటుంది. పుస్తకంలో దాని పేరు మీడియాస్టినం. నేను మాత్రం నడిమి గది అంటాను. గుండె ఒక్కటే అద్దెకు ఉంటుందనుకుంటారు అందులో. కాదు. గాలి గొట్టం, అన్నం దిగే గొట్టం, పైనుంచి రక్తం తెచ్చే సిర, కిందకి తీసుకుపోయే పెద్ద ధమని, నరాలు, అందరూ ఆ ఇరుకులోనే సర్దుకుంటారు. ఒక్కరు ఒళ్లు చేస్తే మిగతా అందరికీ ఊపిరాడదు. ఉమ్మడి కాపురం లాంటిది.

జూలై ముప్ఫై ఒకటిన నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెబుతారట. నాకు వినపడవు. పక్క కుర్చీలో నువ్వుండి, ఎవడు ఏమన్నాడో కాగితం మీద రాసి చూపించాలి. ఎవడైనా అబద్ధం చెబితే అది కూడా రాయాలి. ఆ కుర్చీ నీదని ఇప్పుడే చెప్పి పెట్టాను. రాకపోయావో, నీ దుంప తెగ!

అక్క


ఏప్రిల్ 9

అక్కా,

నీ కొలతలు ఆలస్యంగా అందాయి. నా పేజీలోనే, నా అంకెల కిందే నీవి రాసుకున్నాను. అక్కాతమ్ముళ్లం కదా, వేరే పేజీ ఎందుకులే అని. కోటు గుడ్డ బూడిద రంగుది తెచ్చాను. అస్తరు మాత్రం ముదురు ఎరుపు. పైకి బూడిద, లోపల ఎరుపు, అచ్చం నీలాగే.

ఇప్పుడు నెల నెలా కొలిచి తారీకు వేస్తున్నాను, నా మెడ పదహారు అయింది. ఒట్టు, తిండి తగ్గించాను. ఇంకో విచిత్రం. బల్ల మీదకి వంగి గుడ్డ కత్తిరిస్తుంటే మొహంలోకి రక్తమంతా వచ్చి పడ్డట్టు ఉంటోంది. తల బరువెక్కి కళ్లు ఉబ్బుతాయి. పొద్దున లేచేసరికి మొహం పూరీలా ఉంటుందని నీ మరదలు వేళాకోళం. కాసేపు నిలబడితే తగ్గుతుంది. సందు చివర డాక్టరు గుడ్డ దుమ్ము పడటం లేదని మాత్రలిచ్చాడు. పది రోజులు మింగాను. దుమ్ము పోయింది, వాపు పోలేదు.

నువ్వు పొద్దస్తమానం ఆ సీసాల మధ్యే ఉంటావు కదా. వంగితే మొహం ఉబ్బడం ఎవరికైనా ఉంటుందా? నీకేమైనా తెలుసా? ఊరికే అడుగుతున్నాను.

కటింగ్ బల్ల కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకున్నాను. ఇప్పుడు వంగక్కర్లేదు. చొక్కాకి కాలర్ జరిపినట్టే బల్లకి కాళ్లు జరిపాను. నీ తమ్ముడి బుర్రే బుర్ర.

తమ్ముడు


ఏప్రిల్ 22

ఒరేయ్ సన్నాసీ,

వంగడానికి బద్ధకం నీకు పుట్టుకతోనే వచ్చింది. చిన్నప్పుడు ఇల్లు ఊడవమంటే చీపురుకి కర్ర కట్టుకుని నిలబడి ఊడ్చిన ఘనుడివి. ఇప్పుడు బల్ల కింద ఇటుకలా! ఉప్పు తగ్గించు, పొద్దున్నే నాలుగు వీధులు నడువు, మొహమూ తగ్గుతుంది, మెడా తగ్గుతుంది. నా సీసాల్లో వాళ్లెవరూ ఉబ్బరు, ఎంతో బుద్ధిగా ఉంటారు. వాళ్లని చూసి నేర్చుకో.

ఈ వారం పిల్లలకి పరీక్ష. ఒకడికి ఎడమ గొంతు నరం గురించి వచ్చింది. ఆ నరం కథ చెబితే నువ్వు నవ్వుతావు. గొంతులో మాట పలికించే నరం అది. తల నుంచి తిన్నగా గొంతుకి వస్తే సరిపోతుంది కదా? రాదు. గొంతు దాటి ఛాతీలోకి, మన నడిమి గదిలోకి దిగుతుంది. అక్కడ పెద్ద ధమని కింద నుంచి చుట్టు తిరిగి మళ్లీ పైకి వెళ్లి గొంతు చేరుతుంది. పక్కింటికి వెళ్లడానికి ఊరంతా తిరిగి వచ్చే మన పెద్దత్తలాగా. కుర్రాడు బిక్కమొహం వేసి నా వైపు చూశాడు. ప్రొఫెసర్ చూడకుండా నేను వేలితో గాల్లో చుట్టు తిప్పి చూపించాను. పాసయ్యాడు.

కోటు తొందరేం లేదు. జూలైకి వచ్చేటప్పుడు చేత్తో పట్టుకురా.

అక్క


జూన్ 6

అక్కా,

పని ఎక్కువగా ఉండి రాయలేకపోయాను.

ఆ నరం గురించి ఇంకొంచెం రాయి. ఎడమ దానికే అంత తిరుగుడు ఎందుకు? అది తిరిగే దారిలో ఏదైనా అడ్డం పడితే ఏమవుతుంది? ఆ గదిలో అడ్డం పడటానికి అసలు ఏముంటాయి? నీకు తీరినప్పుడే రాయి. కానీ వివరంగా రాయి.

తమ్ముడు


జూన్ 15

నా బంగారు తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ముప్ఫై ఒక్క ఏళ్లలో నా పని గురించి మన వాళ్లలో ఒక్కరు ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. "ఛీ, శవాల దగ్గర ఎలా ఉంటావే" అనేవాళ్లే అందరూ. ఉద్యోగం ఆఖరి నెలల్లో నువ్వైనా అడిగావు.

కుడి నరం కూడా తిరుగుతుంది, కానీ మెడ దగ్గరే, చిన్న చుట్టు. ఎడమదే ఛాతీలోకి దిగుతుంది. అందుకే కష్టం దానికే. నడిమి గదిలో ఏ గడ్డ పెరిగినా దాని మీద పడుతుంది. అప్పుడు గొంతు బొంగురు పోతుంది, మాట గాలి మాట అయిపోతుంది. రిటైరైన పాత ప్రొఫెసర్ ఒకాయన చెప్పేవాడు, "గొంతు బొంగురు పోయి మూడు వారాలు దాటితే గొంతులో ఒక్కచోటే వెతికితే చాలదు, ఛాతీలో కూడా వెతకాలి" అని. అడ్డం పడేవాటిల్లో ముఖ్యమైనది థైమస్. చిన్నపిల్లల్లో గుండె మీద దిండులా ఉంటుంది. పెద్దయ్యాక దాని పని అయిపోయి కరిగిపోతుంది. ఎవరో కొందరికి కరగాల్సింది కరగకపోగా గడ్డ కడుతుంది. మూడో అలమరాలో అలాంటిదొకటి ఉంది. దాని పక్కనే రక్తం దించే సిర నలిగిపోయి రిబ్బనులా ఉంటుంది. చూడటానికి వస్తావుగా, చూపిస్తాను.

ఇప్పుడు తిట్లు. మీ మేనకోడలు గురువారం నీకు ఫోన్ చేసిందట. నువ్వు ఎత్తి, ఒక్క మాట మాట్లాడకుండా పెట్టేశావట. మళ్లీ చేస్తే ఎత్తలేదట. హాస్టల్లో కూర్చుని ఏడ్చిందట పిచ్చి పిల్ల, "మామయ్యకి నా మీద కోపం ఎందుకమ్మా" అని రాసింది. ఏం పుట్టింది నీకు? మనసులో ఏముందో నాకు రాయి, పిల్ల మీద చూపించకు. అమ్మ పోయినప్పుడు నీకు ఏడేళ్లు. నిన్ను పెంచిన దాన్ని, నీ మొహం మాడ్చుకోవడాలు నాకు కొత్త కాదు. దానికి కొత్త.

అక్క


జూలై 24

అక్కా,

కోటు పార్సెల్ చేశాను. వేసుకుని వెళ్లు. చేతుల పొడవు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగుతుంది. లోపలి జేబు కళ్లజోడు కోసం పెట్టాను.

ముప్ఫై ఒకటికి నేను రాలేను. బడి యూనిఫారాల ఆర్డరు ఒకటి పడింది, వదిలితే మళ్లీ రాదు. మేనకోడలి మీద నాకేం కోపం లేదు. ఫోన్ పాడైంది. దానికి చెప్పు.

నన్ను తిట్టుకోకు.

తమ్ముడు


ఆగస్టు 3

తమ్ముడికి,

నీ కుర్చీ ఖాళీగానే ఉంది. ఎవరో దాని మీద పూలదండ పెట్టారు, పెట్టడానికి వేరే చోటు లేక. అందరూ మాట్లాడారు, నేను వాళ్ల పెదాలు చూస్తూ కూర్చున్నాను. ఎవరు ఏమన్నారో నాకిప్పటికీ తెలియదు. అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో దేవుడికే తెలియాలి. యూనిఫారాలట! నా ముప్ఫై ఒక్క ఏళ్లకి నువ్వు కట్టిన విలువ నిక్కరూ చొక్కా.

పోనీ కోటైనా మనసు పెట్టి కుట్టావా అంటే అదీ లేదు. భుజం బాగుంది, చెయ్యి బాగుంది. మెడ చూస్తే, నా మెడతో పాటు ఇంకో పిల్లకాయ మెడ పట్టేంత ఉంది. వెనక్కి జారిపోతుంటే చేత్తో పట్టుకుని కూర్చున్నాను వేదిక మీద. ఇంటికొచ్చి టేపు పెట్టి చూశాను. పదిహేడు అంగుళాలు! నేను పంపింది పదమూడున్నర. దున్నపోతుకి కుట్టావా కోటు? నువ్వు కొలత తప్పగా నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అంటే నా మీద అంత నిర్లక్ష్యం వచ్చిందన్న మాట.

ఇక రాయను.

అక్క


ఆగస్టు 6

నాన్నా,

మొన్నటి ఉత్తరం నీకు అందక ముందే ఇది అందితే బాగుండు.

పొద్దున కోటు మడతపెడుతూ అనుకున్నాను, పదిహేడు అనే అంకె గాల్లోంచి ఊడిపడదు కదా, ఎవరిదో ఉండాలి కదా అని. నీ ఏప్రిల్ ఉత్తరం గుర్తొచ్చింది. నీ అంకెల కిందే నా అంకెలు రాసుకున్నానన్నావు. మెడ దగ్గర నువ్వు నా వరస బదులు నీ వరస చూసి కత్తిరించావు. ఆ మెడ నీదే కదూ?

నీ ఉత్తరాలన్నీ తీసి బల్ల మీద వరసగా పెట్టాను. ఫిబ్రవరిలో పదిహేనున్నర. ఏప్రిల్‌లో పదహారు, వంగితే మొహం ఉబ్బడం. జూన్‌లో నరం గురించి అడిగావు. ఫోన్‌లో ఎందుకు మాట్లాడలేదో ఇప్పుడు తెలిసింది. మాట్లాడలేదు కాదు, మాట్లాడలేకపోయావు. ఇదంతా ఎవరో కొత్త పేషెంటు కాగితాలైతే మొదటి పేజీలోనే చెప్పి ఉండేదాన్ని. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందట. అది నేనే.

నీ గొంతు ఎలా ఉంది? ఛాతీ మీద నీలం నరాలు తేలాయా? ఎవరైనా ఛాతీకి స్కాన్ తీశారా? అబద్ధం రాయకు. నీ అక్షరం వంకర చూసి కనిపెట్టేస్తాను.

అక్క


ఆగస్టు 14

అక్కా,

రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. తిట్లు ముందు చదివాను. అవే తేలిగ్గా ఉన్నాయి.

నిజం రాస్తాను. గొంతు మే నెల నడుమ నుంచి లేదు. షాపుకి వచ్చినవాళ్లు "ఏం మాస్టారూ, రహస్యం చెబుతున్నారా" అని నవ్వేవాళ్లు. నీ ఏప్రిల్ ఉత్తరంలో ఆ నరం సంగతి ఉందని గుర్తొచ్చి నిన్ను అడిగాను. నువ్వు రాసిన జవాబు జూన్ పంతొమ్మిదో తారీకు పొద్దున అందింది. మధ్యాహ్నం పెద్దాసుపత్రికి వెళ్లాను. కాబట్టి నన్ను అక్కడికి పంపింది నువ్వే. ఇది గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

స్కాన్ తీశారు, సూది వేసి ముక్క తీశారు. నువ్వు చెప్పిన ఆ దిండే. కరగలేదట నాకు. చిన్నతనం పోలేదురా నీకు అని నువ్వు అంటావు కదా, ఫిల్ముతో సహా రుజువైంది. పెద్ద సిరని నొక్కేసింది, గుండె సంచికి అంటుకుంది, ఊపిరితిత్తి పొర మీదకి పాకింది. కత్తి పెట్టే చోటు లేదన్నారు. రేడియేషన్ కరెంటు పెడుతున్నారు, కీమో ఎక్కిస్తున్నారు. వాపు కొంత తగ్గుతుందట. వాపు తగ్గడమంటే జబ్బు తగ్గడం కాదని కూడా చెప్పారు.

ఎప్పటి నుంచి ఉంది అని డాక్టరు అడిగితే గొంతు పలకక, కొలతల పుస్తకం మొదటి పేజీ తీసి ముందు పెట్టాను. నెల నెలా తారీకు వేసి ఉంది కదా, జనవరి, ఫిబ్రవరి, మార్చి, అన్నీ. ఆయన అంకెల మీద వేలు పెట్టి పై నుంచి కింద దాకా చదివాడు. "ఇంత శ్రద్ధగా కొలుచుకుని, ఇన్నిసార్లు కాలర్ వదులు చేశావా?" అన్నాడు. అవునని తలూపాను. నాకు వచ్చిన పని అదే కదా. మొదట్లోనే వస్తే ఏమైనా దారి ఉండేదేమో అన్నాడు. ఏమో అనే అన్నాడు, ఖాయంగా అనలేదు.

నీ కోటు కీమో మొదలైన వారంలో కత్తిరించాను. కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. అప్పటికి పదిహేడైన నా మెడే చూసుకున్నాను, కొలత తప్పింది. ఇన్నేళ్లలో ఒక్కటే తప్పింది, అదీ నీది. క్షమించు.

ఎందుకు దాచావంటావు. యూనిఫారాలు అబద్ధం. ముప్ఫై ఒకటిన నాకు మూడో కీమో. నీ మరదలి చేత కూడా రాయనని ఒట్టు పెట్టించుకున్నాను. చావంటే భయమేసి కాదు. నీకు తెలిస్తే ఏప్రిల్‌లో నువ్వు రాసిన ఉత్తరం గుర్తొస్తుంది నీకు. దాన్ని వంద సార్లు చదువుకుంటావు. అందుకే. ఆ ఉత్తరం ఇక్కడ నా దగ్గరే ఉండేది, దాన్ని చించేశాను. ఇక లేదు. నువ్వూ మర్చిపో.

నీ బుడంకాయ్


ఆగస్టు 20

ఒరేయ్,

చించేస్తే పోతుందా? రాసింది నేను. అక్షరం అక్షరం నోటికి వచ్చు. నువ్వు అడిగావు. "నీకేమైనా తెలుసా?" అని అడిగావు. తెలుసు నాకు. ఈ ప్రపంచంలో ఆ ఒక్క గది గురించే తెలుసు, ఇంకేమీ తెలియదు. నేనేమన్నాను? ఉప్పు తగ్గించమన్నాను. బద్ధకమన్నాను. చీపురు కథ చెప్పాను. రెండు నెలలు నువ్వు ఇటుకల మీద బల్ల పెట్టుకుని, ఉబ్బిన మొహంతో నా కోటు గురించి ఆలోచించావు. నా చెవులు బాగుండి ఫోన్‌లో ఒక్కసారి నీ గొంతు విన్నా పట్టుకునేదాన్ని. ఉత్తరంలో గొంతు లేదు. నీ అక్షరాలు ఎప్పట్లాగే గుండ్రంగా ఉన్నాయి.

నిన్న కాలేజీకి వెళ్లాను. కొత్తగా వచ్చినామె లోపలికి రానిచ్చింది. మూడో అలమరా దగ్గర నిలబడ్డాను. ఆ సీసాని ముప్ఫై ఒక్క ఏళ్లు తుడిచాను. లేబులు కూడా నా చేత్తో రాసిందే. "పురుషుడు, 44." అంతే ఉంది. నీ వయసే. ఆ మనిషికి ఒక అక్క ఉండి ఉంటుందని ఒక్క రోజు కూడా నాకు తోచలేదు.

మా ప్రొఫెసర్‌కి నీ స్కాన్ కాగితాలు చూపిస్తాను, నకళ్లు పంపమని మరదలికి చెప్పు. ఆయన ఏమంటాడో నాకు తెలుసు. అయినా చూపిస్తాను. ఆదివారం నేను బయల్దేరి వస్తున్నాను. వద్దని రాయకు, ఆ ఉత్తరం నాకు అందేసరికి నేను నీ గుమ్మంలో ఉంటాను.

అక్క


అక్టోబరు 27, నీ మంచం పక్క కుర్చీలోంచి

తమ్ముడూ,

నర్సమ్మ నవ్వుతోంది, ఒకే గదిలో ఉండి ఉత్తరాలు రాసుకుంటున్నారేంటని. నీకు గొంతు లేదు, నాకు చెవి లేదు అని ఆమెకి రాసి చూపించాను. నవ్వు ఆపేసింది, పాపం. నీళ్లు తాగుతావా? దిండు ఎత్తు చాలిందా? ఆయాసం ఎక్కువైతే చెయ్యి ఎత్తు, నేను నీ చేతి వైపే చూస్తున్నాను.


అదే కాగితం, కింద

అక్కా, ఇద్దరినీ కలిపి కుట్టినా ఒక పూర్తి మనిషి తయారవ్వడు. దిండు చాలు. పుస్తకం తెప్పించు. మెడ కొలువు.


అక్టోబరు 28

కొలిచాను. చూశావుగా, పద్నాలుగు. కరెంటుకి వాపు పోయింది, ఆ తర్వాత ఒళ్లే పోయింది. తారీకు వేసి నా చేత్తో రాశాను. నా అక్షరం నీ పేజీలో అసహ్యంగా ఉంది.

ప్రొఫెసర్ ఏమన్నాడని మళ్లీ అడుగుతున్నావు. మీ డాక్టరు అన్నదే అన్నాడు. ఇంకేమీ అనలేదు. నీతో అబద్ధం ఆడే ఓపిక నాకు లేదు.


అదే కాగితం, కింద

తెలుసులే. నీ మొహమే చెప్పింది.

ఇప్పుడు నా మెడ నీ మెడకి అర అంగుళం దూరంలో ఉంది. నువ్వు వేసుకొచ్చిన కోటు ఇటివ్వు. సూది, బూడిద రంగు దారం, చిన్న కత్తెర కావాలి. మిషను వద్దు. చేత్తో కుడతాను. పదమూడున్నర.


నవంబరు 4

అక్కా, రోజుకి రెండు అంగుళాలే సాగుతోంది. కుట్టు గాడి తప్పితే విప్పి మళ్లీ వేస్తున్నాను. వంకర కుట్టుతో నిన్ను బయటికి పంపను. ఎడమ వైపు అయింది. రేపు కుడి వైపు. ఏప్రిల్ ఉత్తరం గురించి ఇంకా ఏడుస్తున్నావని నీ మరదలు రాసి చూపించింది. ఆపెయ్. ఆ ఉత్తరం చదివి నేను చాలా నవ్వాను. చీపురు కథ నేను మర్చిపోయాను, నువ్వు గుర్తుచేశావు. నిజంగా కర్ర కట్టానా?


నవంబరు 21

బుడంకాయ్,

నువ్వు పోయి పదహారు రోజులు. ఉత్తరం రాయకుండా ఇన్ని రోజులు మనం ఎప్పుడూ లేమని కాదు, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నువ్వు రాయనే లేదు. కానీ అప్పుడు వస్తుందని తెలుసు.

కట్టావురా. పెద్ద వెదురు కర్ర, నీకంటే రెండింతలు. తాడు దొరక్కపోతే నా జడ రిబ్బను విప్పి కట్టావు. వీపు వంచకుండా ఇల్లంతా ఊడ్చి, "చూడక్కా, రాజులాగా ఊడ్చాను" అన్నావు. ఆ రోజు జవాబు రాద్దామని కాగితం తీసుకునేసరికి నువ్వు నిద్రపోయావు. తెల్లారి నీ చెయ్యి ఎత్తలేదు. నేను నీ చేతి వైపే చూస్తూ కూర్చున్నాను.

మరదలు షాపు తాళం తీయలేదు ఇంకా. కొలతల పుస్తకం నాకిచ్చింది. నేను రాసిన అంకే ఆఖరిది.

ఇక్కడ చలి మొదలైంది. రోజూ కోటు వేసుకునే తిరుగుతున్నాను. మెడకి ఎడమ వైపు నీ కుట్టు ఉంది. వెతికితే తప్ప కనపడదు, అంత సన్నంగా వేశావు. కుడి వైపు ఇంకా ఆ పదిహేడు కొలత నాటి వదులే ఉంది, సూది గుడ్డలోనే గుచ్చి ఉంది, దారం వేలాడుతోంది. మరదలు తను కుట్టిస్తానంది. వద్దన్నాను. ఆ వైపు నుంచి చలిగాలి లోపలికి పోతూనే ఉంది.

అక్క